లాప్‌టాప్ పోయింది: వెతకాలా, మూసేయాలా, మళ్లీ కొనాలా?

కనుమ మర్నాడు షట్టరు ఎత్తేసరికి టేబుల్ మీద చార్జరు ఉంది, లాప్‌టాప్ లేదు. వెనక కిటికీ చువ్వలు రెండు వంగి ఉన్నాయి. పాలకొల్లు పక్కన మాది చిన్న షాపు. పగలంతా పెళ్లి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు. సాయంత్రాలు చుట్టుపక్కల రొయ్యల చెరువుల వాళ్ల లెక్కలు టాలీలో ఎక్కించడం. పండగ మూడు రోజులూ జనమంతా కోడిపందేల బరుల దగ్గరే ఉంటారు కదా, దొంగకి అంతకన్నా మంచి ముహూర్తం ఎక్కడ దొరుకుతుంది!

ఆ పొద్దున నేను పోయిన లాప్‌టాప్ ఎక్కడుందో చూపించే మ్యాప్ తెరిచి కూర్చున్నాను. అదే తప్పు. చుక్క వెళ్లి విజయవాడ మీద ఆగింది. మా బావ అప్పటికే కారు తాళాలు పట్టుకుని, "పద బావా, మధ్యాహ్నానికి అక్కడుంటాం" అంటున్నాడు. వెళ్దామా వద్దా అనే టెన్షన్‌లోనే ఒంటిగంట అయింది. లాప్‌టాప్‌కి గుచ్చి వదిలేసిన డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్‌లో సంతకం పెట్టడానికి వాడే, పెన్‌డ్రైవ్ లాంటిది) సంగతి భోజనం దగ్గర గుర్తొచ్చింది. ఆ తర్వాత ముద్ద దిగలేదు.

వస్తువు పోయిన రోజు మనకి ఉండేది ఒక్క పూట ఓపిక. దాన్ని దేనిమీద ఖర్చు పెడతామన్నదే అసలు ఎంపిక. నా అనుభవం మీద చెబుతున్నాను: మెషీన్ దొరకడం అదృష్టం మీద ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మన పేరున కొన్నదైతే చాలావరకు తిరిగొస్తుంది. ఖాతాలు మూయడానికి ఎవరి దయా అక్కర్లేదు. ఈ వరస తిరగేసి, మూయడంతో మొదలుపెట్టండి.

మొదటి గంట

ఇందులో ఒక మెలిక ఉంది. గూగుల్ ఖాతాలో "మీ పరికరాలు" అన్న చోటికి వెళితే పోయిన లాప్‌టాప్ చివరిసారి ఎప్పుడు, సుమారుగా ఏ ఊరి నుంచి కనెక్ట్ అయిందో కనిపిస్తుంది. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిస్తే పేజీ అడుగున కుడివైపు "డీటెయిల్స్" నొక్కి ఐపీ అడ్రసులు (నెట్ కనెక్షన్‌కి ఉండే నంబర్లు) కూడా చూడొచ్చు. అక్కడి నుంచి సైన్ అవుట్ కొట్టామంటే ఆ జాడ అంతటితో తెగిపోతుంది. అందుకే కొందరు "సైన్ అవుట్ చెయ్యకండి, వాడు వాడితేనే దొరుకుతాడు" అని సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులు ఎర వేయడానికి పనికొచ్చే వస్తువులు కావు. లెక్కలు రాసేవాళ్ల సంగతైతే చెప్పక్కర్లేదు, పాతికమంది జీఎస్టీ లాగిన్లు ఒకే ఎక్సెల్ షీటులో ఉంటాయి. (నాకూ ఉండేవి. ఆ సాయంత్రం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పడం దొంగతనం కన్నా ఎక్కువ బాధ.) ఐదు నిమిషాలు తీసుకుని తేదీ, టైము కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. తర్వాత వేరే మెషీన్ నుంచి పాస్‌వర్డ్ మార్చి, సైన్ అవుట్ చేసేయండి.

సైన్ అవుట్ వేరు, లిస్టులోంచి పరికరాన్ని తీసేయడం వేరు. మైక్రోసాఫ్ట్, యాపిల్ ఖాతాల్లో "రిమూవ్" నొక్కకండి. నొక్కితే మెషీన్‌ని వెతకడానికి, లాక్ చేయడానికి ఉన్న ఆ కాస్త దారీ పోతుంది.

సిగ్నేచర్ టోకెన్ పోతే, దాన్ని ఇచ్చిన సర్టిఫైయింగ్ సంస్థకి ఆ పూటే రద్దు కోరుతూ అర్జీ పెట్టాలి. టోకెన్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అని ధీమా వద్దు. మన దగ్గర చాలా టోకెన్ల పాస్‌వర్డ్ వాటి మీదే చిన్న స్టిక్కర్ వేసి రాసి ఉంటుంది! కొత్తది తీసుకున్నాక జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టళ్లలో మళ్లీ రిజిస్టర్ చేయాలి.

బ్యాగులో ఫోన్ కూడా పోయిందా? అప్పుడు వరస మారిపోతుంది. ముందు సిమ్ బ్లాక్ చేయించి డూప్లికేట్ తీసుకోవాలి. సిమ్ మార్చాక 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఆగిపోతాయి, అంటే ఓటీపీలు రావు. ఆ రోజు గట్టెక్కించేవి కాగితం మీద రాసి ఇంట్లో దాచిన బ్యాకప్ కోడ్లే, అంటే ఓటీపీ బదులు కొట్టి లాగిన్ అయ్యే నంబర్లు. ఎఫ్ఐఆర్ చేతికొచ్చాక ఫోన్‌ని సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్ ద్వారా ఐఎంఈఐతో (ఫోన్ గుర్తింపు నంబరుతో) బ్లాక్ చేయించవచ్చు. లాప్‌టాప్‌కి అలాంటి ప్రభుత్వ ఏర్పాటు లేదు. మామూలు లాప్‌టాప్‌కి ఐఎంఈఐ ఉండదు. "మ్యాక్ అడ్రస్‌తో పట్టుకుంటారటండీ" అని ఎవరో ఒకరు చెబుతారు. అది యాపిల్ మ్యాక్ కాదు, వైఫై చిప్‌కి ఉండే నంబరు. ఆ అడ్రస్ ఇంట్లో రౌటర్ దాకానే కనిపిస్తుంది, ఇంటర్నెట్ మీదికి పోదు. బ్యాంకు డబ్బు కదిలినట్టు తెలిస్తే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వెతికే దారుల్లో ఏది నయం

విండోస్‌లో ఉచితంగా వచ్చే "ఫైండ్ మై డివైస్" ముందే ఆన్ చేసి ఉంటేనే పనికొస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి ఉండాలి, లొకేషన్ ఆన్‌లో ఉండాలి, మెషీన్ నెట్‌కి తగలాలి. ఇన్ని కలిసొస్తే చుక్క కనిపిస్తుంది, దూరం నుంచి లాక్ చేయవచ్చు. డేటా చెరిపేయడానికి మాత్రం సొంత లాప్‌టాప్‌లో వీలుండదు. ఆఫీసు వాళ్లు ఇచ్చిన మెషీన్ అయితే వాళ్ల ఐటీ విభాగం చెరపగలదు, కాబట్టి మీరేమీ చేయకుండా ముందు వాళ్లకి చెప్పండి.

ఇక ఆ చుక్కని ఎంత నమ్మాలి? లాప్‌టాప్‌లో సాధారణంగా జీపీఎస్ ఉండదు. చుట్టూ ఉన్న వైఫై రౌటర్లని బట్టి అది తన చోటు లెక్కేసుకుంటుంది. భీమవరం మెయిన్ రోడ్డులో రౌటర్లు కుప్పలుగా ఉంటాయి, వీధి దాకా తేలుతుంది. లంక గ్రామాల్లోనో, చెరువు గట్టు మీద షెడ్డులోనో ఒక్క రౌటరూ ఉండదు. అప్పుడు ఐపీ అడ్రస్‌ని బట్టి చెబుతుంది. ఐపీ చూపించేది చాలాసార్లు నెట్ కంపెనీ ట్రాఫిక్ బయటికి వెళ్లే ఊరు, అంటే మనకి విజయవాడో హైదరాబాదో. దొంగ పక్క ఊళ్లోనే కూర్చుని ఫోన్ హాట్‌స్పాట్‌తో చూసుకుంటున్నా చుక్క అక్కడే పడుతుంది. ఇది తెలియకే మా బావ కారు తాళాలు పట్టుకున్నాడు.

ఐపీ పనికిరాదని కాదు. అది పోలీసుల చేతిలో పనికొస్తుంది. కంపెనీకి నోటీసు ఇచ్చి, ఆ క్షణాన ఆ అడ్రస్ ఎవరి కనెక్షన్‌కి ఉందో అడిగే అధికారం వాళ్లకుంది, మనకి లేదు. మొబైల్ నెట్‌లో ఒకే ఐపీని ఎంతోమంది పంచుకుంటారు, అందుకే నిమిషం, సెకను కూడా ముఖ్యం. స్క్రీన్‌షాట్‌లో టైము కనబడాలన్నది అందుకే.

వీటన్నిటికీ పైన ఇంకో చిక్కు: మెషీన్ ఫార్మాట్ అయిందంటే విండోస్ చుక్క ఆరిపోతుంది. ప్రే లాంటి యాప్‌లు లొకేషన్‌తో పాటు స్క్రీన్ బొమ్మ, కెమెరా ఫొటో కూడా పంపుతాయి. కానీ డిస్క్ చెరిపేస్తే అవీ పోతాయి. అబ్సొల్యూట్ అనే కంపెనీది వేరే పద్ధతి. చాలా బిజినెస్ లాప్‌టాప్‌లలో దాని ముక్క మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది, విండోస్ మళ్లీ వేసినా తిరిగి లేస్తుంది. అయితే డబ్బు కట్టి ముందే యాక్టివేట్ చేసి ఉండాలి. ఇరవై మెషీన్లున్న కాలేజీ ల్యాబుకో, ఆక్వా ఎక్స్‌పోర్ట్ ఆఫీసుకో అది తగిన ఖర్చే. నాలాంటి ఒంటి షాపుకి కాదు.

మ్యాక్ వాళ్లకి ఈ విషయంలో సుఖం ఎక్కువ. "ఫైండ్ మై" ఆన్‌లో ఉంటే, మెషీన్‌కి నెట్ లేకపోయినా పక్కనుంచి వెళ్లే ఐఫోన్లు బ్లూటూత్ ద్వారా దాని జాడ అందిస్తాయి. టీ2 చిప్ ఉన్న మ్యాక్‌లకీ, యాపిల్ సొంత చిప్‌తో వచ్చే మ్యాక్‌లకీ యాక్టివేషన్ లాక్ ఉంటుంది. చెరిపేసినా మన పాస్‌వర్డ్ లేకుండా అది మళ్లీ తెరుచుకోదు. దొంగకి అది విడిభాగాల ధర మాత్రమే. అందుకని మ్యాక్ పోతే "లాస్ట్" అని మార్క్ చేయండి, కావాలంటే చెరిపేయండి, ఖాతాలోంచి మాత్రం తీయకండి.

బ్యాగులో వేసుకునే బ్లూటూత్ ట్యాగుల గురించి ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. ఎయిర్‌ట్యాగ్ పనిచేయాలంటే చుట్టుపక్కల ఐఫోన్లు తిరుగుతుండాలి, మన ఊళ్లలో ఎక్కువ ఆండ్రాయిడే. గూగుల్ నెట్‌వర్క్‌తో పనిచేసే ట్యాగ్ మనకి నయం అనిపిస్తుంది గానీ, ఆ నెట్‌వర్క్ మామూలు సెట్టింగులో రద్దీగా ఉండే చోట్లకే పరిమితం. రావులపాలెం బస్టాండులో దొరుకుతుంది, సఖినేటిపల్లి రేవులో పంటు దిగాక దారి తప్పుతుంది. పైగా తెలియని ట్యాగ్ వెంట వస్తోందని దొంగ ఫోన్‌కే హెచ్చరిక వెళుతుంది. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో నెలకి రెండుసార్లు హైదరాబాదు వెళ్లొచ్చే పిల్లలకైతే కొనివ్వండి. షాపులో కదలకుండా ఉండే లాప్‌టాప్‌కి ఎందుకు?

ఇన్నిట్లో నేను ఎంచుకునేది అసలు వెతికే సాధనమే కాదు, డిస్క్ ఎన్‌క్రిప్షన్. అంటే డిస్క్‌లో ఉన్నదంతా కీ లేకుండా ఎవరూ చదవలేని రాతగా మార్చేయడం. విండోస్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్. పిన్ ఉంది కదా అనుకుంటాం. ఎన్‌క్రిప్షన్ లేకపోతే డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే ఫైళ్లన్నీ తెరుచుకుంటాయి. ఇది ఆన్ చేసి ఉంటే దొంగకి మిగిలేది ఇనుము. బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో చేరిందో లేదో ఈ రోజే చూసుకోండి. చేరకపోతే రేపు మీరే బయట నిలబడాల్సి వస్తుంది.

సాఫ్ట్‌వేర్: తిరిగొచ్చేవి, రానివి

ఖాతాతో నడిచేవి ఏ గొడవా లేకుండా వస్తాయి. మైక్రోసాఫ్ట్ 365 ఒకరికి ఒకేసారి 5 పరికరాల్లో నడుస్తుంది. ఖాతా పేజీకి వెళ్లి పోయిన లాప్‌టాప్‌లో సైన్ అవుట్ చేసి, కొత్తదాంట్లో లాగిన్ అయితే సరి. అడోబీ 2 కంప్యూటర్లలో యాక్టివేట్ అవుతుంది. మూడోదాంట్లో లాగిన్ అయినప్పుడు పాతవాటిని తప్పించమంటారా అని అదే అడుగుతుంది. ఇక్కడ జనం చేసే పొరపాటు, కంగారులో సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసేయడం. అడోబీలో ఏడాది ఒప్పందం మీద నెలనెలా కట్టే ప్లాన్‌ని మధ్యలో రద్దు చేస్తే ఎదురు ఫీజు పడుతుంది. సబ్‌స్క్రిప్షన్ మీ ఖాతాది, లాప్‌టాప్‌ది కాదు. దాన్ని ఉంచుకోండి.

మెషీన్‌తో పుట్టినవి మెషీన్‌తోనే పోతాయి. లాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ ఆ మదర్‌బోర్డుకి కట్టేసి ఉంటుంది. దానికోసం దిగులు అనవసరం, కొత్త లాప్‌టాప్‌లో చాలావరకు దాని విండోస్ దానికుంటుంది. లాప్‌టాప్‌తో ఉచితంగా వచ్చిన ఆఫీస్ కూడా ఇంతే. అదే ఆఫీస్‌ని విడిగా, ఒకేసారి డబ్బు కట్టి కొని మీ ఖాతాకి కలుపుకుని ఉంటే కొత్త కంప్యూటర్‌కి మార్చుకోవచ్చు. వాట్సాప్ గ్రూపులో ఐదొందలకి కొన్న కీ అయితే వెతకడానికే ఏమీ లేదు. అది మొదటినుంచీ మీది కాదు.

టాలీ సంగతి కొంచెం వేరు. మామూలుగా మెషీన్ మార్చేటప్పుడు పాతదాంట్లో లైసెన్సు సరెండర్ చేసి కొత్తదాంట్లో యాక్టివేట్ చేస్తాం. పోయినదాంట్లో సరెండర్ ఎవరు చేస్తారు? సీరియల్ నంబరు, రిజిస్టర్ చేసిన మెయిల్ ఐడీ దగ్గర పెట్టుకుని టాలీ పార్ట్‌నర్‌కి గానీ కంపెనీ సపోర్ట్‌కి గానీ చెప్పి, పాత యాక్టివేషన్ తీయించాలి. ఆ మెయిల్ మీ చేతిలో ఉంటే పని అవుతుంది. కానీ లైసెన్సు వస్తే లెక్కలు రావు. డేటా ఫోల్డర్ వేరు, దాని బ్యాకప్ వేరు. నా బ్యాకప్ పెన్‌డ్రైవ్ ఆ లాప్‌టాప్ సంచి జేబులోనే ఉండేది, ఇంతకంటే ఏం చెప్పను.

యాంటీవైరస్ కోసం పూట పాడుచేసుకోవద్దు. గడువు రెండు మూడు నెలలే మిగిలి ఉంటే కొత్తది కొనేయండి. ఏడాదిపైన ఉంటేనే కీ, బిల్లు పట్టుకుని వాళ్లకి ఫోన్ చేయండి. డాంగిల్‌తో (యూఎస్‌బీకి గుచ్చే చిన్న తాళం లాంటిది) నడిచే డిజైన్ సాఫ్ట్‌వేర్ అయితే సాధారణంగా డాంగిలే లైసెన్సు. పోతే మళ్లీ డబ్బు. రాత్రి పూట దాన్ని ఊడదీసి గల్లాపెట్టె తాళాలతో పాటు ఇంటికి తీసుకెళ్లడం ఒక్కటే మార్గం.

ఇప్పుడు అసలు చిక్కు. పై మాటలన్నీ "మీ ఖాతా" అన్న పదం మీద నిలబడి ఉన్నాయి. మన టౌన్లలో లాప్‌టాప్ కొన్నప్పుడు ఆఫీస్, యాంటీవైరస్ అన్నీ షాపులో కుర్రాడే ఎక్కించి ఇస్తాడు. "మెయిల్ ఐడీ చెప్పండి సార్" అంటే మనం "ఏదోటి పెట్టెయ్ బాబూ" అంటాం. వాడు తన మెయిల్ పెట్టేస్తాడు, లేదా అక్కడికక్కడే కొత్తది సృష్టిస్తాడు, దాని పాస్‌వర్డ్ వాడికీ గుర్తుండదు. కాగితం మీద మీరు డబ్బు కట్టారు, కంపెనీ లెక్కలో కొన్నది ఇంకొకరు. నా దగ్గర మూడింట్లో ఒకటి ఇలాగే పోయింది. ఆ కుర్రాడు దుబాయ్ వెళ్లిపోయాడు. బిల్లు మీద కీ నంబరు ఉంటే కంపెనీతో కొంత వాదించవచ్చు, లేకపోతే ఆశ వదులుకుని కొత్తది మీ మెయిల్‌తో కొనడమే తక్కువ ఖర్చు.

పర్సు కూడా పోయి కార్డు బ్లాక్ చేసి ఉంటే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఆ కార్డు మీద ఉన్న ఆటోపేలు ఆగిపోతాయి. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం డబ్బు కోసే 24 గంటల ముందు కబురు వస్తుంది. పాత మెసేజ్‌లలో అవి వెతికితే ఏయే సబ్‌స్క్రిప్షన్లు ఉన్నాయో జాబితా దానంతట అదే తయారవుతుంది. గడువు లోపల కొత్త కార్డు ఎక్కించండి.

స్టేషన్‌లో ఏ కాగితం అడగాలి

"లాస్ట్ రిపోర్ట్ రాసివ్వండి సార్, సరిపోతుంది" అని మీతో అనవచ్చు, నాతో అన్నారు. పారేసుకుంటే అది సరిపోతుంది. దొంగతనానికి ఎఫ్ఐఆరే కావాలి. బీమా కంపెనీ అడిగేది అదే, నెట్ కంపెనీకి పోలీసులు నోటీసు పంపాలన్నా అదే ఆధారం. భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షను. ఫిర్యాదులో లాప్‌టాప్ విలువ తప్పకుండా రాయండి. ఆ చట్టంలో 5,000 రూపాయల లోపు విలువకి వేరే తేలికపాటి ఏర్పాటు ఉంది, పాత మెషీన్ కదా అని "ఏదో నాలుగు వేలుంటుందండీ" అనేస్తే కేసు బలం తగ్గిపోతుంది. సీరియల్ నంబరు బిల్లు మీద, అట్టపెట్టె మీద దొరుకుతుంది. అది లేని ఫిర్యాదు "నల్ల లాప్‌టాప్" అని రాసినట్టే, వందల్లో ఏది మీదో ఎవరు చెబుతారు?

ఏ స్టేషన్ అన్న తగువు అక్కర్లేదు. జీరో ఎఫ్ఐఆర్ ఎక్కడైనా కట్టవచ్చు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపితే 3 రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే అదే ఫిర్యాదు పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి. మనకైతే భీమవరం, గోదావరి అవతల వాళ్లకి అమలాపురం. రైల్లో పోతే రైల్వే హెల్ప్‌లైన్ 139. అన్నట్టు, ఊరెళ్లేటప్పుడు ఇంటికి తాళం వేస్తే పోలీసులే వచ్చి కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే సేవ మన రాష్ట్రంలో ఉంది. నాకు దొంగతనం అయ్యాకే తెలిసింది.

అమలాపురంలో ఒక మిత్రుడి లాప్‌టాప్ ఎనిమిది నెలలకి దొరికింది, వేరే కేసులో పట్టుబడ్డ సామానుతో పాటు. సీరియల్ నంబరు ఎఫ్ఐఆర్‌లో ఉండబట్టే కబురొచ్చింది. అలా దొరికినది స్టేషన్ నుంచి నేరుగా చేతికి రాదు. కోర్టులో అర్జీ వేసి, పూచీకత్తు రాసి తాత్కాలికంగా తెచ్చుకోవాలి, కేసు తేలేదాకా అమ్మకూడదు. తెచ్చుకోగానే ఆత్రంగా నెట్‌కి కలిపి లాగిన్ అవకండి. అందులో ఏం ఎక్కించి ఉంచారో తెలియదు. కోర్టు వాళ్లని, కేసు చూసే ఎస్సైని అడిగి, వాళ్లు సరేనన్నాకే డిస్క్ మొత్తం చెరిపి విండోస్ మళ్లీ వేసుకోవాలి. మా వాడు అంతా చేసి తెరిచాక నాకు ఫోన్ చేశాడు: "టాలీ కొత్తదాంట్లో ఉంది, ఆఫీస్ కొత్తదాంట్లో ఉంది, దీంతో ఇప్పుడేం చెయ్యను?" వాళ్లమ్మాయి ఆన్‌లైన్ క్లాసులకి ఇచ్చేయమన్నాను, అమ్మాయి మెయిల్ ఐడీతోనే.